మైకు ఎవరి ముందుంది?



ఎవరి పేరిట మనం ఇవాళ మెదక్‌లో కూడామో, ఆ మాస్టారు రేడియో పక్కన నోటుపుస్తకం పెట్టుకుని వార్తలు వినేవారు. ఎవరి మాట ముందొచ్చింది, ఎంతసేపొచ్చింది, ఎవరి ఊసే రాలేదు అని రాసుకునేవారు. రేడియో ఎటు మొగ్గుతోందో పట్టుకోవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకే ఈ స్మారకోపన్యాసానికి ఆ అంశాన్నే ఎంచుకున్నాను.

ఈ చరిత్ర చెప్పుకోవడానికి మెదక్‌కు ప్రత్యేక హక్కుంది. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ ఇందిరాగాంధీ మీద ఎస్. జైపాల్ రెడ్డి నిలబడ్డారు. ఆమె గెలిచారు, ఆయన ఓడారు. అది అందరికీ తెలిసిన సంగతే. ఆ ఇద్దరూ వేర్వేరు కాలాల్లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రులుగా పనిచేశారన్నది మాత్రం మనకు అంతగా తట్టదు. ఆకాశవాణి స్వేచ్ఛ కథ చాలామటుకు ఆ ఇద్దరి మధ్యనే నడిచింది.

అంతకుముందు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. హైదరాబాద్ రాజ్యంలో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో మొదలైంది. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన లొంగుబాటును ప్రజలకు చెప్పుకున్నది రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. రాచరికం పోయింది గానీ మైకు సర్కారు బల్ల మీదే ఉండిపోయింది.

1964లో ఇందిరాగాంధీ సమాచార శాఖ మంత్రిగా ఉన్నప్పుడే చందా కమిటీని వేశారు. రేడియోకు విడిగా ఒక కార్పొరేషన్ ఉండాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. నివేదిక వచ్చేనాటికి ఆమె ప్రధానమంత్రి. సిఫార్సు కాగితాల్లోనే ఉండిపోయింది. 1975 జూన్ 26 ఉదయం ఎమర్జెన్సీ గురించి ఆమె దేశానికి చెప్పింది ఆ రేడియోలోనే. కొద్ది రోజుల్లోనే సమాచార శాఖను ఐ.కె. గుజ్రాల్ నుంచి తీసి వి.సి. శుక్లాకు ఇచ్చారు. జైళ్లలో ఉన్న నాయకుల గొంతు వినపడకుండా పోయింది. సర్కారు ప్రచారానికి పాడనన్నందుకు కిశోర్ కుమార్ పాటలూ ఆపేశారు. జనం ఆకాశవాణికి ‘ఆల్ ఇందిరా రేడియో’ అని పేరు పెట్టుకున్నారు.

1984 అక్టోబర్ 31ని మెదక్ ఎలా మరచిపోతుంది? చనిపోయింది దేశ ప్రధాని, ఈ నియోజకవర్గం ఎంపీ కూడా. ఉదయం తొమ్మిది దాటాక కాల్పులు జరిగాయి. మరణవార్తను బీబీసీ ముందే చెప్పేసింది. ఆకాశవాణి మాత్రం సాయంత్రం దాకా ఖాయం చేయలేదు. శాంతిభద్రతల భయం ఒక కారణమై ఉండవచ్చు, కాదనను. కానీ తమ ఎంపీ ఇక లేరన్న మాట మెదక్ ఓటరు ముందుగా లండన్ నోట వినాల్సి రావడం ఎంత బాధ! చెప్పాల్సిన వేళకు చెప్పకపోవడాన్ని కూడా మనం లెక్కలోకి తీసుకోవాలి.

ఆకాశవాణిని స్వతంత్ర సంస్థ కిందికి తెచ్చే ప్రసార భారతి చట్టం 1990లో పార్లమెంటులో పాసై ఏడేళ్లు మూలన పడింది. 1997లో దాన్ని అమల్లోకి తెచ్చినప్పుడు ప్రధాని ఎవరు? ఎమర్జెన్సీలో ఆ శాఖ పోగొట్టుకున్న గుజ్రాల్. సమాచార శాఖ మంత్రి ఎవరు? మెదక్‌లో ఓడిన జైపాల్ రెడ్డి. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలిన మనిషి ఆయన. ఈ జిల్లా ఆయన్ని గెలిపించలేదు, అయినా ఆయన చేసిన ఈ పనికి మనం రుణపడి ఉన్నాం. చట్టం వచ్చినా సంస్థ ఖర్చుకు మాత్రం ప్రభుత్వం వైపే చూడాల్సి వస్తోంది. జీతం ఇచ్చే చేతిని ప్రశ్నించే బులెటిన్ అంత తేలిగ్గా రాదు.

ఇప్పుడు కొలత విషయానికి వస్తాను. ప్రధాని నెలనెలా ఆకాశవాణిలో మాట్లాడే ‘మన్ కీ బాత్’ 2014 అక్టోబర్ 3న మొదలైంది, 2023 ఏప్రిల్ 30న నూరో భాగం వచ్చింది. 2019, 2024 లోక్‌సభ ఎన్నికల వేళ ఆపారు, అది సరైన పనే. అందులో ప్రధాని చాలావరకు నీళ్లు, చదువులు, ఆటలు, పండుగల గురించే మాట్లాడతారు. మాటల్ని తూచితే పార్టీ రాజకీయం పెద్దగా తేలదు. మైకును తూచితే? ప్రతిపక్ష నాయకుడికి అలా నెలకొకసారి ఆకాశవాణిలో మాట్లాడే వీలు లేదు. అలాంటప్పుడు మాట ఎంత మంచిదైనా తూకం ఒక పక్కకే ఒరుగుతుంది. రేపు ఏ పార్టీ ప్రధాని వచ్చినా నేను ఇదే మాట అంటాను.

సర్కారు చేతిలో లేని రేడియో కూడా ఒక పక్కకు ఒరగగలదు. అమెరికాలో వివాదాస్పద విషయాల మీద భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలన్న నియమం 1949లో వచ్చింది. 1987లో దాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడాదే మితవాద వ్యాఖ్యాత రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతా మోగింది. ఒకే పక్షం గంటల తరబడి మాట్లాడే రేడియో అక్కడ పెద్ద వ్యాపారమైంది. రువాండాలో 1994 నరమేధం వేళ ఆర్‌టీఎల్‌ఎం రేడియో పేర్లు చదివి మరీ మనుషుల్ని చంపించింది. ఈ భయాలు నిజమైనవే. అయితే మన దగ్గర వాటికి చేసిన వైద్యమేమిటి? ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్నారు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చన్నారు. టీవీలో రాత్రింబవళ్లు వార్తల చానళ్లు నడుస్తున్న దేశంలో రేడియో నోరు మాత్రమే కట్టడం నాకు అర్థం కాదు.

ఫలితం హైదరాబాద్ ఎఫ్ఎంలలో చూడండి. ఫలానా దారిలో ట్రాఫిక్ ఆగిందని జాకీ చెప్పవచ్చు. ఆ రోడ్డు ఎందుకు పూర్తికాలేదని ప్రతిపక్షం అడిగిన ప్రశ్నను వార్తగా చదవకూడదు. ఎన్నికలొస్తే అదే స్టేషన్లో, అనుమతి పొందిన పార్టీ ప్రకటన పాటకీ పాటకీ మధ్య మోగుతుంది. అంటే విలేకరి మాటకు చోటు లేదు, డబ్బు పెట్టి కొన్న మాటకు ఉంది. పక్షపాతానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

మన పాత మెదక్ జిల్లాలోనే మరో దారి కనిపించింది. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన దళిత మహిళలు దాన్ని నడిపారు. రోజూ సాయంత్రం రెండు గంటల ప్రసారం, 90.4 మెగాహెర్ట్జ్ మీద. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఒకరు. ఆ తీర్పు అక్షరాలా మాచ్‌నూర్ గడప తొక్కింది. విత్తనాల గురించి, పాత పంటల గురించి, జబ్బుల గురించి ఆ ఆడవాళ్లు తమ యాసలోనే మాట్లాడారు. హైదరాబాద్ స్టూడియోలో అంతగా చోటు దొరకని యాస అది. అయినా వాళ్లకూ అదే నిషేధం. జొన్న ఎలా పండించాలో చెప్పవచ్చు. జొన్నకు ధర ఇవ్వలేదని రైతులు చేసిన ధర్నాను వార్తగా చదవకూడదు.

ఈ నిషేధాన్ని కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టులో సవాలు చేసింది. నా మట్టుకు నేను దాన్ని ఎత్తేయాలనే అంటాను. విద్వేషాన్ని శిక్షించడానికి చట్టాలున్నాయి, వాటిని వాడండి. దాంతోపాటు ప్రతి స్టేషనూ ఎన్నికల నెలలో ఏ పార్టీకి ఎన్ని నిమిషాలిచ్చింది, ఎవరి గొంతు నేరుగా వినిపించింది, ఎవరి మాటను ఇంకొకరి నోట చెప్పించింది, ప్రకటనలకు ఎవరి దగ్గర ఎంత తీసుకుంది అన్న లెక్కను జనం ముందు పెట్టాలి. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంతోనే మొదలుపెట్టమని మెదక్ నుంచి మనం ఒక అర్జీ పంపుదాం. రాసి తెచ్చాను, సభ అయ్యాక సంతకాలు చేయండి.