విద్యలో నాలుగు పాళ్ళు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు పండుగ చేయుట ఉచితమే. కాని బీరువాలలోని పుస్తకములను లెక్కించి సంతోషించినచో లెక్కలో సగమే చూచినట్లగును. అవి ఎందరు పిల్లల బుద్ధికెక్కినవి అనునది రెండవ సగము. “మావాడు రాత్రింబవళ్ళు చదువుచునే యుండును, పరీక్షలో మాత్రము ఏమియు జ్ఞప్తికి రాదట” అను మాట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఏ యింటి అరుగు మీద కూర్చున్నను వినవచ్చును. లోపము పిల్లవాని బుద్ధిలో నున్నదా, చదువు తీరులో నున్నదా యని విచారింపవలసియున్నది.

విద్య నాలుగు పాళ్ళుగా లభించునని పూర్వులు చెప్పిరి. ఒక పాలు గురువు వలన, ఒక పాలు స్వబుద్ధి వలన, ఒక పాలు సహాధ్యాయుల వలన, మిగిలిన పాలు కాలక్రమమున. నేటి తల్లిదండ్రులు పెక్కుమంది మొదటి పాలునకే రుసుము చెల్లించి తక్కిన మూడు పాళ్ళను బాకీ పెట్టుచున్నారు.

గురువు చెప్పిన మాట శిష్యునకు అర్థము కావలెను. నిజాము ప్రభుత్వమున ఈ సీమ పిల్లలకు ఇంట తెలుగు, పై తరగతులలో ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఉర్దూయే బోధనభాష. అర్థము కాని పాఠమును వల్లించుట బాలురకు ఎంత భారమో వేరుగ చెప్పనక్కరలేదు. తెలుగు చదువునకు ఆదరువు లేని ఆ దినములలోనే హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసెను. 1928లో సూర్యాపేటలోనే గ్రంథాలయ మహాసభ జరిగెను.

2022-23 విద్యా సంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. ఆంగ్లము రావలసినదే, వలదనుట తగదు. అయినను బడిలో ఆంగ్లమున విన్న పాఠమును సాయంకాలము ఇంట తెలుగులో చెప్పింపవలెను. ఆకు ఎండతో ఆహారమును ఎట్లు తయారుచేసికొనునని తల్లి అడుగవచ్చును. చెట్టు నీడన నాటిన వరి ఏల పండదో ఆమెకు ముందే తెలియును. పిల్ల చెప్పిన కారణము ఆమె అనుభవముతో కలిసినచో పాఠము వచ్చినట్లే. ఇందులకు తల్లికి అక్షరములు రానక్కరలేదు, ఓపిక చాలును.

రెండవ పాలు స్వబుద్ధి. పుస్తకము తెరచి పదిమార్లు చదివిన పాఠము పరిచితమై, వచ్చినదను భ్రమ కలిగించును. బండి వెనుక కూర్చుండి పోయినవానికి దారి తెలియునా? ఒంటరిగ నడచి, తప్పి, తిరిగి వచ్చినవానికే తెలియును. అమెరికాలో రోడిగర్, కార్పికే అను ఇరువురు పరిశోధకులు 2006లో దీనిని పరీక్షించి చూపిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినప్పుడు మరల మరల చదివినవారే మెరుగు. వారము గడచిన పిమ్మట అడుగగా, పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొన్నవారే మెరుగైరి. కావున ఒకమారు చదువుట, పుస్తకము మూయుట, వచ్చినంత వ్రాయుట, తెరచి తప్పులు దిద్దుకొనుట అనునది క్రమము కావలెను. తప్పు చేసినప్పుడు పిల్లవానిని కొట్టిన ఇంట పుస్తకము మూయుటకు ధైర్యము పుట్టదు.

మూడవది తోడివారి పాలు. చెన్నపట్టణమున అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లాండు దేశీయుడు, దేశీయ బాలురు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలచే చిన్నవారికి పాఠములు చెప్పించెను. 1797లో ఇంగ్లండున గ్రంథమును ప్రకటింపగా అది మద్రాసు పద్ధతి యని ప్రసిద్ధికెక్కెను. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్, ముందున్న శిష్యులు వెనుకవారికి నేర్పు దేశీయ బడుల రీతిని తన నివేదికలో మెచ్చుకొనెను. అర్థము తెలియక పద్యములు వల్లించుటను అందులోనే ఆక్షేపించెను. వీధిబడి మేలును నిలుపుకొని కీడును విడుచుట మనవారి పని. ఏడవ తరగతి బాలిక నాల్గవ తరగతి బాలునకు భిన్నములు చెప్పినచో ఇరువురికిని లాభమే. చెప్పునప్పుడే తనకు తెలియనిది ఆమెకు తెలియవచ్చును.

నాల్గవ పాలు కాలము. మరపు మొదట వేగముగను, పిమ్మట మెల్లగను సాగునని జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తనమీదనే ప్రయోగములు చేసికొని 1885లో ప్రకటించెను. కావున పాఠమును మరునాడు, మూడవనాడు, వారమునకు, నెలకు మరల తలచుకొనవలెను. ఆరుతడి పైరునకు నెలనాటి నీరంతయు ఒక్కదినముననే పెట్టు రైతు ఉండడు. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానిపించి చదివించుటయు అట్టి సేద్యమే.

సాగరు ఎడమకాలువ నీరు 1967 నుండి ఈ సీమను పచ్చన చేసినది. కాని నాట్ల దినములలో “వారమే గదా” యని ఆడపిల్లను బడి మాన్పించి పసివారికి కావలి యుంచు ఇండ్లు ఇప్పటికిని కలవు. తప్పిన వారపు పాఠము మీద మరు వారపు పాఠము నిలువదు. ఆరేండ్ల నుండి పదునాలుగేండ్ల వరకు చదువు పిల్లల హక్కని 2009 నాటి చట్టము పలికినది. చట్టము బడి తలుపు తెరచును, పంపవలసినది ఇల్లు.

నకిరేకల్లు ప్రాంతమున పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి బాల్యముననే తండ్రిని గోల్పోయి, ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేయుచు చదువు నేర్చెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. “ప్రజల మనిషి” నవలను రచించెను. అట్టి పట్టుదల అందరికి నుండదు. అట్టి కష్టము ఏ పిల్లకును రాకుండ చూచుటయే గ్రంథాలయము పని.

కావున రజతోత్సవమునకు గుర్తుగా ప్రతి సాయంకాలము ఒక గంట ఈ మందిరము పిల్లలకు విడువబడుగాక. ఆ గంట సెల్‌ఫోనులు గడప బయట నుండవలెను. పెద్ద పిల్లకొక చిన్న పిల్ల జత. ఇంటికి పోయిన పిమ్మట తల్లి గాని తండ్రి గాని అడుగవలసినది ఒక్కటే ప్రశ్న: “పుస్తకము మూసి చెప్పు, ఈనాడు ఏమి నేర్చితివి?”

ఆ ప్రశ్న ప్రతి ఇంట వినబడిననాడు ఈ ఊరి బాకీ తీరును. స్వస్తి.