‘వాక్’కు పర్యాయపదాలున్నాయా?

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరిట ప్రసంగించడం నిఘంటువుల పనిలో ఉన్నవారెవరికైనా గౌరవమే. ఆయన 1798లో కలకత్తాలో పుట్టడం, కడపలో బంగళా కొని పండితులను కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించడం, 1884లో లండన్‌లో కన్నుమూయడం పాఠ్యపుస్తకాలకెక్కిన సంగతులే కనుక వాటిని మళ్ళీ ఏకరువు పెట్టనక్కరలేదు. వేమన పద్యాలను వెలికి తెచ్చిన బ్రౌన్‌ను లోకం తగినంతగానే కీర్తించింది; ఇంగ్లీషు నుడికారాలనూ పదబంధాలనూ తెలుగులో విప్పి చెప్పడమే తన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు లక్ష్యమని ముఖపత్రం మీదనే ప్రకటించుకున్న బ్రౌన్‌ను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అట్టలూడిన ఆ నిఘంటువు ప్రతి ఒకటి ఈ ఉపన్యాసకుడి బల్లమీద ఏళ్ళ తరబడి తెరిచే ఉంటున్నది. అంతకు మించిన నివాళి ఈ పూట సమర్పించబోవడం లేదు.

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడిన 1852లోనే పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు లండన్‌లో తన థిసారస్‌ను, అంటే మాటలను అకారాది క్రమంలో కాక భావాలను బట్టి కూర్చిన కోశాన్ని, అచ్చు వేయించాడు. ఆయన భావాలన్నిటినీ ఆరు తరగతులుగా విడదీసి చలనాన్ని స్థలానికి సంబంధించిన తరగతిలో చేర్చాడు. ఒక భావం చుట్టూ తిరిగే మాటలన్నీ ఒకచోట కనబడితే రాసేవారికి తగిన మాట తడుతుందన్నది ఆయన ఉద్దేశమే తప్ప, అవన్నీ ఒకదాని బదులు మరొకటి వాడదగినవని కాదు. ఆ తేడా కాస్తా చెరిగిపోయి, బజారు గైడ్లలో ‘వాక్’ అనే క్రియ ఎదుట స్ట్రోల్, సాంటర్, ఆంబుల్, ట్రడ్జ్, స్ట్రైడ్, మార్చ్ అని వరుసగా రాసి, పైన ‘పర్యాయపదాలు’ అని శీర్షిక పెట్టడం ఆచారమైంది. ఈ ఉపన్యాసకుడి తగవు ఆ శీర్షికతోనే; అది ఈనాటిది కాదు.

‘వాక్’ చరిత్ర దగ్గర ఆగవలసిన పని లేదు. పాత ఇంగ్లీషులో ఆ ధాతువుకు దొర్లడం, అటూ ఇటూ ఊగిసలాడడం అనే అర్థాలుండేవనీ, నేసిన ఉన్నిబట్టను తడిపి కాళ్ళతో తొక్కి చిక్కబరిచే పనికి కూడా ఆ మాటే చెల్లేదనీ, వాకర్ అనే ఇంటిపేరు ఆ పనివారి నుంచి వచ్చిందేననీ, కాలినడక అనే అర్థం మధ్యయుగాలలోగాని స్థిరపడలేదనీ మంచి నిఘంటువులన్నీ చెబుతాయి. ‘సాంటర్’ పవిత్రభూమికి పోయే యాత్రికుల వల్ల పుట్టిందన్న కథను జాన్సన్ 1755 నాటి నిఘంటువులో ఎక్కించగా, అమెరికన్ రచయిత థోరో నడక మీద రాసి 1862లో వెలువడిన వ్యాసంలో మురిపెంగా తిరిగి చెప్పాడు. దానికి ఆధారం లేదని తరువాతి పండితులు తేల్చారు. ఇవన్నీ ముచ్చటైన విషయాలే గాని తగవు వీటి మీద కాదు.

‘స్ట్రోల్’ చేసినవాడు నడిచినట్టే. నడిచిన ప్రతివాడూ ‘స్ట్రోల్’ చేసినట్టు కాదు. ఈ ఒకవైపు సంబంధాన్నే భాషాశాస్త్రవేత్త జాన్ లయన్స్ 1960లలో హైపొనిమీ అన్నాడు. ఒక పదం అర్థంలో మరొక పదం అర్థం ఇమిడి ఉండడం అని దాని తాత్పర్యం. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో తయారైన వర్డ్‌నెట్ అనే పదజాలంలో క్రియలకు సంబంధించినంతవరకు దీనినే ట్రోపోనిమీ అన్నారు, అంటే ఒక పనిని ఫలానా తీరున చేయడం. కనుక ‘వాక్’ జాతి, తక్కినవి దానిలోని విధాలు. ‘స్ట్రోల్’లో తీరిక ఉన్నది, ‘సాంటర్’లో ఆ తీరికతోపాటు ఎవరినీ లక్ష్యపెట్టని ధోరణి కూడా ఉన్నది, ‘ట్రడ్జ్’లో కాళ్ళీడ్చుకుంటూ గత్యంతరం లేక సాగే అలసట, ‘స్ట్రైడ్’లో పెద్ద పెద్ద అంగలు ఉన్నాయి, ‘ఆంబుల్’ మొదట గుర్రపు నడకకు చెల్లి తరువాతగాని మనుషులకు దక్కలేదు. ఈ భేదాలను తుడిచివేసి జాబితా చేతికిస్తే, కాలు విరిగిన తాతగారు ఆసుపత్రికి ‘సాంటర్’ చేశారని పిల్లవాడు రాస్తాడు. ఆ తప్పు పిల్లవాడిది కాదు.

ఇది పండితుల చాదస్తమనీ, వాడుకలో ఏదైనా చెల్లుతుందనీ అనేవారికి వాడుక నుంచే జవాబు చెప్పవచ్చు. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్లో, పోర్ట్ ఎలిజబెత్‌లో శ్రీలంక మీద ఆడుతూ, అరవింద డిసిల్వా వేసిన బంతి తన బ్యాటును తాకి క్యాచ్‌గా మారిందని తెలిసిన ఆస్ట్రేలియా ఆటగాడు ఆడమ్ గిల్‌క్రిస్ట్, అంపైర్ రూడి కోర్ట్‌జెన్ నాటౌట్ అన్నా వినిపించుకోకుండా పెవిలియన్ దారి పట్టాడు. క్రికెట్ భాషలో ఆయన చేసినది ‘వాక్’. ఆయన వడివడిగా పోయినా, నెమ్మదిగా పోయినా, తల వంచుకుని పోయినా, ఎత్తుకుని పోయినా ఆ మాట మారదు; అక్కడ ‘స్ట్రోల్’ అంటే క్రికెట్ తెలిసినవారు నవ్వుతారు, ఎందుకంటే ఆ మాటకు కాళ్ళతో కన్న నిజాయితీతో ఎక్కువ పని. అలాగే ఒలింపిక్స్ నడక పందెంలో ఒక పాదమైనా నేలను తాకి ఉన్నట్టు కంటికి కనబడాలి, ముందుకు వేసిన కాలు నేల తాకింది మొదలు నిలువుకు వచ్చేదాకా మోకాలు వంగరాదు. అక్కడ ‘వాక్’ పరుగుకు వ్యతిరేకపదం మాత్రమే. కుక్కను ‘వాక్’ చేయిస్తారు, రాత్రివేళ స్నేహితురాలిని ఇంటిదాకా ‘వాక్’ చేస్తారు. ఈ సకర్మక ప్రయోగాలలో, అంటే కర్మను తీసుకునే ప్రయోగాలలో, ‘సాంటర్’ నిలవనే నిలవదు. శాసనసభ నుంచి వాకౌట్ చేశారని రాసే తెలుగు పత్రికలు, పొద్దున్నే మార్నింగ్ వాక్‌కు బయలుదేరే తెలుగువారు ఈ సూక్ష్మాన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్నారు. మార్నింగ్ ట్రడ్జ్ అన్నవారు ఇంతవరకు లేరు.

మరి ఈ భ్రమ తెలుగువారిలో ఇంత గట్టిగా ఎందుకు పాతుకున్నదంటే, మనకు పర్యాయపదం అనే ఊహ అమరకోశం నుంచి వచ్చింది. దాని అసలు పేరే నామలింగానుశాసనం. అది నామవాచకాల కోశం. రవి అన్నా, భానుడన్నా, ఆకాశంలో వెలిగేవాడు ఒక్కడే కనుక అక్కడ మార్పిడి చాలావరకు చెల్లుతుంది. క్రియకు అటువంటి ఒంటరి వస్తువు వెనుక లేదు. పాణినీయ ధాతుపాఠంలో ఎన్నో ధాతువులకు ‘గతి’ అనే ఒక్క అర్థాన్నే చెప్పారు కదా, అవి పర్యాయాలు కావా అని సంస్కృత పండితులు అడగవచ్చు, అడిగారు కూడా. ధాతుపాఠంలోని అర్థనిర్దేశం ఉపలక్షణం మాత్రమేననీ, అంటే ఒక గుర్తు చూపడమేగాని అర్థమంతా చెప్పడం కాదనీ, ధాతువులకు అనేకార్థాలుంటాయనీ వైయాకరణులే అన్న తరువాత ఆ ఆక్షేపణకు బలం లేదు. పునరుక్తి దోషమన్న మన ఆలంకారికుల మాటను అడ్డం పెట్టుకుని, ఒకే పేజీలో ‘వాక్’ రెండుసార్లు వస్తే మాట మార్చాలనే ఉపాధ్యాయులు ఇంకో వర్గం. ఇంగ్లీషువారిలోనూ ఈ జబ్బు ఉన్నదని గమనించిన ఫౌలర్ దానికి ‘సొగసైన మార్పిడి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి ఎగతాళి చేశాడు. ఆయన 1926లో వెలువరించిన ఇంగ్లీషు వాడుక నిఘంటువును మన శిక్షణ కళాశాలల్లో తెరిచేవారు అరుదు.

కావలసినది మరొక పర్యాయపదాల జాబితా కాదు. క్రియను దాని సహచరులతో, అంటే దాని వెంట సహజంగా వచ్చే కర్తలు, కర్మలు, స్థలాలు, సందర్భాలతో చూపించే నిఘంటువు. ప్రస్తుతం కూర్పులో ఉన్న గమన క్రియల ప్రయోగ నిఘంటువు ఆ దారినే నడుస్తున్నది. అందులో ‘వాక్’ ఆరోపంలో, అంటే ఆ మాట కింద ఇచ్చే వివరణలో, నడిచేదెవరు, ఎక్కడికి, ఎవరిని వెంటబెట్టుకుని, ఏ ఆటలో, ఏ సభలో అన్న వరుసలో వాక్యాలుంటాయి; ‘ట్రడ్జ్’ కింద మంచు, బురద, ఎగువదారి, పని ముగించుకుని ఇంటికి మళ్ళే సాయంత్రం ఉంటాయి; ఏ మాట ఎక్కడ చెల్లదో కూడా ప్రతి ఆరోపం చివర తప్పు వాక్యంతో సహా చూపుతారు. ఈ చివరి భాగానికే సామగ్రి చాలడం లేదు. ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు విద్యార్థుల జవాబు పత్రాలలో ఎర్రసిరాతో కొట్టివేసిన వాక్యాలను పారవేయకుండా, పిల్లల పేర్లు తీసివేసి, ఒక పుస్తకంలో ఎత్తి రాసి ఉంచాలని ఈ ఉపన్యాసకుడి మనవి.