పేరు కుట్టిన దిండు

(సామల్పట్టిలో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు నూలు ధర గురించి, కూలి గురించి, పిల్లల చదువుల గురించి చెప్పినారు. అన్నీ పెద్ద విషయాలే. మేము దిండు గురించి మాట్లాడతామంటే వెనక వరసలో ఎవరో నవ్వినారు. నవ్వండి, తప్పు లేదు. మేమూ మొదట నవ్వినవాళ్లమే. దిండు చిన్న వస్తువే గాని, దాని మీద మాకు తగిలిన దెబ్బ ఒకటి ఉండాది. అది చెప్పి, ఒక లెక్క చెప్పి కూర్చుంటాము.

మేమంటే మగ్గాల ఇళ్ల ఆడవాళ్లం, ఆరుగురం. ఇంటి పని అయినాక సాయంత్రం పూట ఒక చోట కూర్చుని, మన గుడ్డతో సోఫా మీద వేసుకునే అలంకారపు దిండ్లు కుడతాము. వాటి మీద ఎవరికి కావాలో వాళ్ల పేరు, పెళ్లి తేదీ, గృహప్రవేశం తేదీ, ఒక పువ్వో చిలుకో దారంతో కుట్టి ఇస్తాము. ఇప్పుడు పెళ్లిళ్లకు, నామకరణాలకు, కొత్త ఇళ్లకు ఇట్లాంటి కానుకలు అడిగేవాళ్లు ఎక్కువైనారు. హోసూరులో కొత్త కొత్త అపార్టుమెంట్లు, ఆ పక్కనే బెంగళూరు. స్టీలు గిన్నె, గోడ గడియారం ఇచ్చే రోజులు పోయినాయి. తమ పేరుండే వస్తువు కావాలంటారు.

మొదట్లో మాకు ఒక నామకరణానికి ఆర్డరు వచ్చింది. వాళ్లూ మన మాదిరి తెలుగు మాట్లాడే ఇంటివాళ్లే. బిడ్డ పేరు తెలుగు అక్షరాల్లో కావాలన్నారు, మాకు ఎంత సంతోషమో. కాని ఆ పేరు వాట్సాప్‌లో పంపింది తమిళ అక్షరాల్లో. బిడ్డ తండ్రి చదివింది తమిళ బడిలో. మా గుంపులో అక్షరాలు గీసే పిల్ల చదివిందీ తమిళ బడిలోనే. ఫోనులో తెలుగు అక్షరమాల తీసి, ఒక్కో తమిళ అక్షరానికి ఒక్కో తెలుగు అక్షరం పెట్టి, చక్కగా గుండ్రంగా గీసింది. మేము రెండు సాయంత్రాలు కూర్చుని గొలుసుకుట్టుతో నింపినాము. దిండు ముద్దొచ్చేటట్టు వచ్చింది.

ఆ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది ఒక్క జేజికే. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "ఇదేందమ్మా, మా పాప గాయత్రి గదా, కాయత్రి అని కుట్టినారే!" అనిందంట.

ఎక్కడ పొరపాటు జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. త, ద కూ ఒకటే. ప, బ కూ ఒకటే. చదివేవాళ్లు సందర్భం చూసి పలుకుతారు. తెలుగులో దేనిది దానికే ఉంది. బాలు అనే పిల్లవాడికి పాలు అని కుట్టిస్తే ఎట్లుంటుంది? మేము చేసింది అదే. తప్పు ఆ ఇంటివాళ్లది కాదు, మా పిల్లదీ కాదు. కుట్టే ముందు ఆ పేరును నోటితో ఒకసారి పలికి అడగని మా అందరిదీ.

కుట్టు విప్పినాము. దారం పోయింది గాని సూది రంధ్రాలు పోలేదు. కార్బన్ గీత పోలేదు. ఆ దిండు ఇంకా మా దగ్గరే ఉండాది. ఎవరికి అమ్ముతాము? చీర ఒకరు వద్దంటే ఇంకొకరు కొంటారు. తువ్వాలు ఇక్కడ అమ్ముడుపోకుంటే సంతలో పోతుంది. పేరు కుట్టిన దిండుకు రెండో గిరాకీ లేదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే ఈ పనిలో మిగతా జాగ్రత్తలన్నీ దాని వెంటనే వస్తాయి. వరసగా చెప్తాము.

మొదటిది అక్షరం. ఆర్డరు ఏ అక్షరాల్లో వచ్చినా సరే, ఇప్పుడు మేము ఫోను చేసి పేరు నోటితో చెప్పించుకుంటాము. గీసిన కాగితాన్ని ఫోటో తీసి పంపి, ఇంట్లో తెలుగు చదివే పెద్దవాళ్లకు చూపించి సరేనంటేనే సూది పడతాము. సగం డబ్బు ముందే తీసుకుంటాము. ఇది అపనమ్మకం కాదు. తప్పు జరిగితే ఆ నష్టం ఎవరిదో ముందే తేల్చుకోవడం.

మన పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోవడం మనకు తెలియనిది కాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినాక బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావలసిందే, ఈ నేల మీద బతికేవాళ్లం. దాంతో పాటు ఇంట్లో మాట్లాడే భాషకు అక్షరం కూడా ఉండాల. ఆ దిండు తర్వాత మా పిల్ల ఏం చేసిందో తెలుసా? అంత పెద్ద అట్ట మీద తెలుగు అక్షరాలు, వాటి పక్కన తమిళ అక్షరాలు రాసి గోడకు తగిలించింది. క, ఖ, గ, ఘ నాలుగింటి పక్కన తమిళంలో ఒకటే అక్షరం రాసి, చుట్టూ ఎర్ర గీత గీసింది. ఇప్పుడు తెలుగు తప్పు రాస్తే మమ్మల్నే అడుగుతుంది.

రెండోది గుడ్డ. మన ఇళ్లల్లో గుడ్డకు కరువు లేదు. తానులో చివర మిగిలిన ముక్కలు, అంచు కొంచెం తేడా వచ్చిందని పక్కన పెట్టిన గుడ్డ, ఇవి తూకానికి పోతాయి. వాటిలో మంచి భాగం దిండ్లకు పనికొస్తుంది. పోగు తెగిన చోటు, మరక ఉన్న చోటు మాత్రం పనికిరాదు. కానుక ఇచ్చేవాళ్లు తిప్పి తిప్పి చూస్తారు.

16 అంగుళాల చదరం గలీబు అనుకోండి. ముందు గుడ్డను నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాల. నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. ముందే ముడుచుకోనీయకుంటే, కుట్టిన పేరు చుట్టూ ముడతలు పడతాయి. ముందు భాగానికి 17 అంగుళాల చదరం. వెనక భాగం రెండు ముక్కలు, ఒక్కోటి 17కు 12. ఆ రెంటినీ మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుడితే జిప్పు అక్కరలేదు, గుండీ అక్కరలేదు. 36 అంగుళాల పన్నా గుడ్డలో పక్కపక్కన రెండు వస్తాయి. పొడవు 41 అంగుళాలు పడుతుంది. ముడుచుకునేది కూడా కలిపి మీటరు మీద పది పన్నెండు సెంటీమీటర్లు ఎక్కువ తీసుకుంటే రెండు గలీబులు.

రంగు పరీక్ష మరవద్దు. తెల్ల గుడ్డ తడిపి, మన గుడ్డ మీదా, కుట్టుదారం మీదా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ రెండూ కలవవు. దారం ఆరు పోగులది వస్తుంది. పేరుకు రెండు మూడు పోగులు చాలు. కాడకుట్టు అయితే సన్నగా, గొలుసుకుట్టు అయితే నిండుగా కనబడుతుంది. ముందు పేరు కుట్టి, ఆ తర్వాతే గలీబు కుట్టాల. గలీబు అయినాక రింగు పట్టదు.

లోపలికి బూరుగు దూది మంచిది. మన దగ్గర ఇలవం పంజు అంటారు గదా, అదే. తేలిగ్గా ఉంటుంది. దాని పోగులు బయటికి వస్తాయి కాబట్టి లోపలి సంచి చిక్కగా నేసిన గుడ్డతో ఉండాల. దాన్ని ఉతకకూడదు, ఎండలో వేయాల. గలీబు మాత్రమే తీసి ఉతుక్కోవాలని చీటీ మీద రాసి పెట్టండి. లోపలి దిండు గలీబు కన్నా ఒకటి రెండు అంగుళాలు పెద్దదిగా ఉంటేనే మూలలు నిండుగా ఉంటాయి. ఇంకొక మాట, నామకరణానికి ఇచ్చే దిండు చూసుకోవడానికే. ఏడాది నిండని బిడ్డ పక్కలో దిండు పెట్టకూడదు, మూతికి అడ్డుపడి ఊపిరాడదు. ఇది కూడా చీటీలో రాయండి.

మూడోది కూలి. మేము చెప్పాలని వచ్చింది ముఖ్యంగా ఇదే.

ఒక దిండుకు లెక్క వేద్దాం. ఈ అంకెలు లెక్క కోసం, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. గుడ్డ 90 రూపాయలు, లోపలి దిండు 110, దారం 20, మిషను కుట్టు 40, పెట్టె, చీటీ 30. మొత్తం 290. మేము మొదట్లో దీని మీద ఒక అరవై వేసుకుని 350కి అమ్మేవాళ్లం. లాభం వచ్చిందనుకుని సంతోషపడేవాళ్లం. ఒక రోజు మాలో ఒకరు అడిగింది, "మరి పేరు కుట్టిన మూడు గంటలో?" అని. ఎవరమూ జవాబు చెప్పలేదు. గంటకు 60 వేసినా మూడు గంటలకు 180. అది కలిపితే దిండు ఖర్చే 470. అంటే 350కి అమ్మిన ప్రతి దిండుకూ మా చేతి నుంచి 120 పోతా ఉండింది. అది నష్టమని మాకు కనబడలేదు. ఎందుకంటే అది పోయింది మా సాయంత్రంలో నుంచి.

ఇది మనకు కొత్త కాదు. మగ్గం ఇంట్లో కండెలు చుట్టేది ఎవరు? పడుగుకు గంజి పెట్టేటప్పుడు చేయి వేసేది ఎవరు? ఆ పనికి వేరే కూలి ఎవరైనా లెక్క కట్టినారా? నేసినవాడి కూలిలోనే అది కలిసిపోయింది. ఇప్పుడు దిండు మీద పేరు కూడా అట్లే కలిసిపోతే, కొత్త పనిలో పాత నష్టమే వస్తుంది. అంగట్లో మిషను మీద అచ్చు వేసిన దిండు మనకన్నా తక్కువకు దొరుకుతుంది. దానితో ధరలో పోటీ పడలేము, పడకూడదు. మన దిండుకు డబ్బు ఇచ్చేది దూదికి కాదు, గుడ్డకు కూడా కాదు. ఆ పేరుకు. ఆ పేరు కుట్టిన గంటలకు.

ఇట్లా చెప్తే "ఎవరు కొంటారమ్మా" అంటారు. మన పొరుగునే ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయ ఉంది. అక్కడి లంబాడీ ఆడవాళ్లు తమ కుట్టుపని దాదాపు మరిచిపోయినారు. కొద్దిమంది పెద్దవాళ్లకే గుర్తుండింది. వాళ్ల దగ్గర నేర్చుకుని, మళ్లీ పట్టి, పోర్గై అనే సంఘం పెట్టుకున్నారు. పోర్గై అంటే వాళ్ల మాటలో గర్వమని అర్థం. బట్టలు, సంచులు, దిండు గలీబులు కుట్టి దూరదూరాలకు అమ్ముతున్నారు. అది మిషను పనికన్నా చవక అని కాదు, ఆ చేతి పని ఇంకెక్కడా దొరకదని కొంటారు.

గుడ్డ మీద అక్షరం మన నేతవాళ్లకూ కొత్త కాదు. ధర్మవరం నేతగాడు జూజారు నాగరాజు పట్టు గుడ్డలో శ్రీరామ నామాన్ని 13 భాషల్లో నేసినారు. సిరిసిల్ల నేతగాడు వెల్ది హరిప్రసాద్ జి20 చిహ్నాన్ని చేత్తో నేసి ఢిల్లీకి పంపితే, 2022 నవంబరులో ప్రధానమంత్రి రేడియోలో ఆయన పేరు చెప్పినారు. అంత పెద్ద పని మనం చేయనక్కరలేదు. ఒక పేరు తప్పులేకుండా కుడితే చాలు.

ఇంకొకటి, నిజం చెప్పి అమ్మాల. మరమగ్గం గుడ్డ అయితే మరమగ్గం అనే చెప్పండి. చేనేతకు 2006 నుంచి చేనేత మార్కు ఉంది, దాన్ని చూసి అడిగేవాళ్లున్నారు. ఒకసారి అబద్ధం బయటపడితే పోయేది మన ఒక్క దిండు కాదు, నిజంగా చేత్తో నేసేవాళ్ల మాట.

ఇక మన సమాఖ్యను రెండు కోరుతున్నాము. ఒకటి, ఊరూరికీ ఆ అక్షరాల అట్ట ఒకటి వేయించి ఇవ్వండి, తెలుగు పక్కన తమిళంతో. కుట్టుపనికి వచ్చే పిల్లలు అట్లే తెలుగు నేర్చుకుంటారు. రెండు, పేరు కుట్టే పనికి గంటకు ఇంత అని కనీస కూలి మనమే నిర్ణయించుకుందాం. ఒక ఊరివాళ్లు 180 అడిగితే పక్క ఊరివాళ్లు 50కే చేస్తామంటే, ఇద్దరమూ నష్టపోతాము.

చివరిగా ఒక మాట. మన తాతలు, తండ్రులు ఎన్ని వేల గజాలు నేసినారో, ఆ గుడ్డ ఎవరు కట్టుకున్నారో వాళ్లకు తెలియదు. కట్టుకున్నవాళ్లకు నేసినవాళ్లూ తెలియదు. ఈ దిండులో మాత్రం తీసుకునేవాళ్ల పేరు మనకు తెలుసు. అందుకే మేము ఇప్పుడు వెనక లోపలి అంచులో చిన్న పట్టీ వేస్తున్నాము. గుడ్డ నేసింది ఎవరు, పేరు కుట్టింది ఎవరు, ఏ ఊరు అని. కావాలంటే చూసి పోండి, బయట బల్ల మీద పెట్టినాము. కాయత్రి దిండు కూడా అక్కడే ఉండాది. దాన్ని అమ్మము. కొత్తగా పనికి వచ్చే పిల్లలకు మొదట అదే చూపిస్తాము.

గాయత్రికి వేరే దిండు కుట్టి ఇచ్చినాము, డబ్బు తీసుకోకుండా. ఆ జేజి చదివి, సరిగా ఉందనింది.