మెట్లెక్కితే ఆయాసమెందుకు?



మన ఇంట్లో ఏ పని ఎవరిదో మనకు బాగా తెలుసు. పాలు తెచ్చేదెవరు, పిల్లల్ని బడికి దింపేదెవరు, గ్యాసు అయిపోతే కబురు చేసేదెవరు, అన్నీ లెక్కే. వాళ్ళలో ఒకరు మంచం పట్టారనుకోండి, ఆ పని ఆగదు. తక్కినవాళ్ళ నెత్తిన పడుతుంది. మన శరీరమూ అలాంటి సంసారమే. గుండె, ఊపిరితిత్తులు, పేగులు, మూత్రపిండాలు, ఎముకలు అంటూ బడిలో వేరువేరు పాఠాలుగా చదువుకున్నాం గాని, లోపల అవి వేరు కాపురాలు పెట్టుకోలేదు. అన్నీ కలిసి ఉమ్మడి కుటుంబమే.

ఈ సంగతి తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. మా పొరుగావిడకి నలభై కూడా లేవు. "ఏమిటో వదినా, రెండంతస్తులు ఎక్కేసరికి గుండె దడదడలాడుతోంది. వయసు మీద పడుతోంది కాబోలు" అనేది. కాళ్ళ పీకులని నూనె రాసుకుంది. గుండెజబ్బేమోనని లోలోపల భయపడింది. చివరికి డాక్టరుగారు రక్తపరీక్ష చేయిస్తే తేలిందేమిటంటే, కాళ్ళలోనూ లోపం లేదు, గుండెలోనూ లోపం లేదు. హిమోగ్లోబిన్ ఎనిమిది! గర్భిణి కాని స్త్రీకి కనీసం పన్నెండు ఉండాలి. గర్భిణికైతే పదకొండు.

మరి రక్తం తగ్గితే గుండె ఎందుకు దడదడలాడాలి? చూడండి. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువు ఊపిరితిత్తుల దగ్గర రక్తంలోకి ఎక్కుతుంది. దాన్ని మోసుకుపోయేవి ఎర్రరక్తకణాలు. వాటిలో ఉండే హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. ఆ ఇనుమును మనం తిన్న తిండిలోంచి తీసి ఇచ్చేది చిన్నపేగు. కణాలను తయారుచేసేది ఎముకల లోపలి మూలుగ. వాటిని ఊరంతా తిప్పేది గుండె. ఒక్కొక్క కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ముసలివైపోయిన కణాలను ప్లీహం, కాలేయం విడగొట్టి, వాటిలోని ఇనుమును పారేయకుండా మళ్ళీ మూలుగకే పంపిస్తాయి. పాత పట్టుచీర జరీని కరిగించి దాచుకునే పొదుపరి ఇల్లాలి కన్నా నయం!

ఇంత పొదుపున్నా ఇనుము చాలకపోతే ముందు కనిపెట్టేవి మూత్రపిండాలు. వాటి పని మూత్రం తయారుచేయడమే అనుకుంటాం. కాని ప్రాణవాయువు తగ్గిందని అవి పసిగట్టి, "ఇంకా కణాలు కావాలి" అని ఒక హార్మోను ద్వారా మూలుగకు కబురు పంపుతాయి. పాపం, మూలుగ ఏం చేస్తుంది? ఇంకా వండమని కబురొచ్చింది గాని డబ్బాలో బియ్యం లేవు. అప్పుడు భారమంతా గుండె మీద పడుతుంది. మామూలుగా కూర్చున్నప్పుడు నిమిషానికి 70 సార్లు కొట్టుకుని, సుమారు అయిదు లీటర్ల రక్తాన్ని తిప్పే గుండె, మోసే కణాలు తక్కువయ్యాయి కనుక ఇంకా వేగంగా తిప్పాలి. ఊపిరీ జోరవుతుంది. అదే దడ, అదే ఆయాసం. చర్మానికి వెళ్ళే రక్తం తగ్గించుకుని మెదడుకు, గుండెకు మళ్ళించుకుంటుంది శరీరం. అందుకే మొహం పాలిపోతుంది. మరీ తీవ్రమైన రక్తహీనతను అలాగే వదిలేస్తే చివరికి గుండే అలిసిపోయే ప్రమాదముంది. చిలికి చిలికి గాలివాన అవడమంటే ఇదే.

ఇది ఏ ఒక్కరి గొడవో కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు మగవాళ్ళలో నూటికి 25 మందే. నెలనెలా పోయే రక్తం, కాన్పులు, అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలిన దానితో సరిపెట్టుకునే మన అలవాటు, ఇవన్నీ కారణాలే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్క ప్రకారం మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవారికి 29. ఎక్కువ కావలసినవాళ్ళమే చివర తింటున్నాం!

ఇనుము ఒక్కటే కారణమని కూడా అనుకోకండి. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారం ఇస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులోని గుణమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసింది. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించిన రోజుల్లో, 1945లో, అక్కడివారు దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఇవాళ గర్భిణులకిచ్చే ఇనుము మాత్రలో అదీ కలిసే ఉంటుంది. బి-12 విటమిను లోపించినా రక్తహీనత వస్తుంది. శాకాహారులు పాలు, పెరుగు మానకూడదనేది అందుకే.

ఇక మనం చేయగలిగినవి. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు, తినేవారైతే మాంసం, చేపలు వాడండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, ఉసిరిపచ్చడి నంజుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటే కాఫీ, టీ తాగితే అంతగా ఒంటబట్టదు. ఓ గంట ఆగండి. డాక్టరు ఇనుము మాత్రలు రాస్తే పాలతో మింగకండి. విరేచనం నల్లగా అయితే కంగారుపడి మానేయకండి, అది మాత్ర రంగే. నీరసం తగ్గగానే ఆపేయకుండా, డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి. లోపలి నిల్వలు నిండడానికి మరికొన్ని నెలలు పడుతుంది. నెలసరి మరీ ఎక్కువగా అవుతున్నా, మొలల్లో రక్తం పోతున్నా, కడుపులో కొంకిపురుగులున్నా ముందు వాటికి వైద్యం కావాలి. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం?

నీరసంగా ఉందంటే ఇంట్లోవాళ్ళు బద్ధకమనుకుంటారని చాలామంది పైకి చెప్పరు. సోదరీమణులారా, అది బద్ధకం కాదు. లోపల ఒకరి పని మరొకరు నెత్తినేసుకుని ఈడుస్తున్నారని శరీరం చెబుతున్న మాట. ఆ మాట వినండి. ఒక్క చుక్క రక్తంతో అయ్యే పరీక్ష, ఈ నెలలోనే చేయించుకోండి. ఇవాళ రాత్రి మాత్రం అందరితోపాటు మీరూ కంచం పెట్టుకుని కూర్చోండి.

సెలవు.