ముప్పయ్యొక్క రోజుల పైసల లెక్క

కార్యదర్శిగారు నాకు ఏడు నిమిషాలిచ్చారు. డి.ఏ. బకాయిల గురించి తక్కినవారు ఎటూ మాట్లాడతారు కనుక నేను ఒక పైసల లెక్క చెబుతాను.

ఒకటో తారీఖున ఒక పైసా, రెండున రెండు, మూడున నాలుగు. ఇలా రోజూ రెట్టింపు చేస్తూ హుండీలో వేస్తే ముప్పయ్యొకటో తారీఖు సాయంత్రానికి 2,14,74,83,647 పైసలవుతాయి. అంటే రూ. 2,14,74,836.47. (అంత కమ్యుటేషన్ మనలో ఎవరికీ రాలేదు.)

ఇప్పుడు దీన్ని పంచండి. ఇద్దరికి పంచినా, ముగ్గురికి పంచినా, ఏడుగురికి పంచినా ఒక పైసా మిగులుతుంది. అయిదుగురికైతే రెండు పైసలు. తలా ఒక్క పైసా చొప్పున అన్ని కోట్లమందికి ఇస్తే తప్ప సమంగా తెగదు. ఇలాంటి దాన్నే ప్రధాన సంఖ్య అంటారు. ముప్పై రోజుల నెల మొత్తం ముగ్గురికి చక్కగా తెగుతుంది. ఇరవై ఎనిమిది రోజులదీ అంతే. లీపు సంవత్సరం ఫిబ్రవరి చూద్దామా? 29 తానే ప్రధాన సంఖ్య. అయినా దాని మొత్తం 53,68,70,911 పైసలు 233 మందికి సరిగ్గా సరిపోతాయి, తలా 23,04,167 పైసలు. ముప్పయ్యొక్క రోజుల నెలదే ఈ మొండితనం.

తెగదని రుజువెలా? వర్గమూలం 46,340 దాకా చూస్తే చాలు. ఇద్దరు భాజకులుంటే చిన్నవాడు అంతలోపే దొరకాలి. అయినా ఆ లోపు ప్రధాన సంఖ్యలు సుమారు 4,800 ఉన్నాయి. ఆయిలర్ అనే గణితవేత్త, దీనికి భాజకమంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గాని 63 గాని రావాలని చూపాడు. అలాంటివి 370 చిల్లర మాత్రమే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలను పరీక్షిస్తే చాలు. ఒక్కటీ తెగలేదు. 1772లో బెర్నూలీకి లేఖ రాశాడు. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్లు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి 1771లో శుక్లం తీస్తే కొన్నాళ్లు కనిపించి, అదీ పోయింది.

ఇదంతా దేనికంటారేమో. చాలా పాత కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. వాటి గడిలో పట్టే గరిష్ఠ సంఖ్య సరిగ్గా ఇదే. 2038 జనవరి 19 ఉదయం మన టైము 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండుతుంది. ఈలోగా సరిచేయని యంత్రం మరుసటి సెకనుకు 1901 డిసెంబరులోకి పోతుంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వబోతే మనమింకా పుట్టలేదంటుంది!

కిందటేడు నాకూ ఒక కంటికి శుక్లం ఆపరేషను జరిగింది. నాలుగు రోజులు చదవొద్దన్నారు. పడుకుని ఈ పైసలను మనసులోనే రెట్టించబోయాను. పదిహేడో తారీఖు, రూ. 655.36 దాకా బాగానే సాగింది. ఇరవై మూడు దగ్గర తప్పాను. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే తప్పాను. ఉద్యోగమంతా ఇతరుల లెడ్జర్లు టాలీ చేసినవాణ్ణి. కాగితం లేకపోతే నా లెక్క ఇంతేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే నెల రెండో కంటికి. ఈసారి ముప్పయ్యొకటి దాకా వెళ్లాలని ఉంది.

కార్యదర్శిగారు గంట కొడుతున్నారు. సెలవు.