కట్ట మీద నడక: సిద్దిపేట కోమటి చెరువు

ఊరికి నీటి ఒడ్డు ఉండాలంటే నదో సముద్రమో ఉండాలని చాలామంది అనుకుంటారు. రాజమహేంద్రవరానికి గోదావరి ఉంది, విజయవాడకు కృష్ణ ఉంది, విశాఖపట్నానికి సముద్రమే ఉంది. సిద్దిపేటకు అలాంటిదేదీ లేదు. హైదరాబాదుకు ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్న ఈ ఊరు తాగునీళ్లకు ఏళ్ల తరబడి అల్లాడింది. చివరికి దిగువ మానేరు జలాశయం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకుని గొంతు తడుపుకుంది. అలాంటి ఊళ్లో ఇవాళ పొద్దునా సాయంత్రం జనం నీటి పక్కన నడుస్తున్నారంటే కారణం కోమటి చెరువు. ఈ ప్రసంగంలో చెప్పదలచిన మాట ఇది: తెలంగాణ పట్టణాల్లో నడవడానికి చెరువుకట్టను మించిన బాట లేదు, దాన్ని చేరుకోవడానికి సొంత బండి అక్కర్లేదు. అయితే చెరువు చెరువుగా బతికి ఉన్నన్నాళ్లే ఆ బాటకు విలువ.

కట్టను నడక కోసం ఎవరూ కట్టలేదు. అయినా అది నడకకు ఎందుకంత అనువుగా ఉంటుందో ఆలోచిస్తే మన పెద్దల పనితనం అర్థమవుతుంది. నిలిచిన నీటి మట్టం ఎప్పుడూ సమంగా ఉంటుంది. కాబట్టి దాన్ని ఆపే కట్ట పైభాగం కూడా ఈ కొస నుంచి ఆ కొస దాకా సమంగా ఉండాలి. ఎక్కడైనా జానెడు తగ్గితే వానకాలంలో నీరు అక్కడే పొర్లి గండి పెడుతుంది. అందుకే కట్ట మీద ఎగుడుదిగుళ్లు ఉండవు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు, అప్పుడే అడుగులు నేర్చిన పిల్లలు, ఇద్దరూ ఆయాసం లేకుండా నడవగలరు. పూడిక తీసేటప్పుడు, గండ్లు పూడ్చేటప్పుడు బండ్లు తిరగాలి కనుక పైన వెడల్పు ఉంచారు. అలల తాకిడికి మన్ను జారకుండా నీటి వైపు రాళ్లు పేర్చారు. కట్ట కింద ఆయకట్టు, దాని పక్కనే ఊరు ఉండటం తెలంగాణలో మామూలు అమరిక. కాబట్టి నీటి ఒడ్డు ఇళ్లకు దగ్గరగా ఉంటుంది. గోదావరి గట్టును చూడటానికి ప్రయాణం కట్టి వెళ్తాం. చెరువుకట్ట వాకిలి దాటితే వచ్చేస్తుంది. ఆ పనితనం ఈనాటిది కాదు. కాకతీయుల కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడితోపాటు చెరువునూ కట్టించాడు. గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలు పారిస్తున్న ఆ చెరువూ అంతే గౌరవానికి అర్హమైనదే. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేది. ఆ లెక్కన ఏ చెరువూ ఒంటరిది కాదు.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేయాలని తలపెట్టారు. పూడిక తీయడం, కట్టను బలపరచడం, తూములూ మత్తళ్లూ మరమ్మతు చేయడం అందులో ముఖ్యమైన పనులు. పట్టణాల్లో కొన్ని చెరువుల కట్టలను వెడల్పు చేసి, జనం నడిచేందుకు, కూర్చునేందుకు వీలుగా మార్చి మినీ ట్యాంక్‌బండ్ అని పేరు పెట్టారు. అలా మారిన వాటిలో బాగా పేరుకెక్కింది కోమటి చెరువు. ఇప్పుడక్కడ నడకదారి, వేలాడే వంతెన, పడవలు, రాత్రిపూట రంగురంగుల దీపాలు ఉన్నాయి. దీని మీద వచ్చే అభ్యంతరం చిన్నదేమీ కాదు. రైతుకు నీళ్లివ్వాల్సిన చెరువు మీద దీపాలకూ బొమ్మలకూ డబ్బు పోయడం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. దీపాలు లేకపోయినా నడవచ్చు, పూడిక తీయకపోతే చెరువు నిలవదు. ముందు మట్టి పని, ఆ తర్వాతే అలంకారం. కానీ రెండో సగం కూడా చూడాలి. జనం అటువైపు పోని చెరువు పట్టణంలో ఎన్నాళ్లు మిగులుతుంది? నీరు నిలిచే శిఖం భూమిలోకి ముందు చెత్త వస్తుంది, తర్వాత మొరం వస్తుంది, ఆ తర్వాత ప్రహరీ గోడ లేస్తుంది. ఎవరూ చూడని చోటే ఇదంతా జరుగుతుంది.

ఇక్కడే పాత నీరటిని గుర్తు చేసుకోవాలి. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత నీరు పారాలో, కట్టలో ఎక్కడ ఎలుక బొక్క పడిందో చూసుకునే బాధ్యత నీరటిది. ఆ పనికి ఊరు అతనికి మాన్యం గానీ ధాన్యం గానీ ఇచ్చేది. పట్టణం పెరిగి ఆయకట్టులో ఇళ్లు లేచాక తూముతో పని తగ్గింది, నీరటితో పని పోయింది. మరి ఆయకట్టే లేనప్పుడు చెరువు దేనికని కొందరు అడుగుతారు. పారకం ఒక్కటే చెరువు పని కాదు. చుట్టుపక్కల బోర్లలో నీరు నిలిచేది చెరువు వల్లే. కుండపోతగా వాన కురిసిన రోజు కాలనీల్లోకి రావాల్సిన నీటిని కడుపులో దాచుకునేదీ చెరువే. దాని మీద బతికే మత్స్యకారులు ఉన్నారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటి చుట్టూ 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని నిబంధనలు ఊరికే పెట్టలేదు. ఆ గీతను రోజూ చూసే కళ్లు కావాలి. ఒక నీరటి చేసిన కాపలా ఇప్పుడు కట్ట మీద నడిచే వందలమంది చేయగలరు. నడకదారికి పెట్టిన ఖర్చును నేను సమర్థించేది అందుకే.

ఇక చేరుకోవడం గురించి. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి సిద్దిపేటకు బస్సులున్నాయి. 2020 ఫిబ్రవరి నుంచి ఆ బస్‌స్టేషన్ దాకా మెట్రో కూడా వస్తోంది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. చుట్టుపక్కల పల్లెల్లోని అమ్మలు, అక్కచెల్లెళ్లు ఎవరినీ బండి అడగకుండా ఒక సాయంత్రం నీటి పక్కన గడిపి రావచ్చంటే అది చిన్న మార్పు కాదు. ఊరి బయట చంద్లాపూర్ దగ్గర 2020లో మూడు టీఎంసీల రంగనాయక సాగర్ జలాశయం వచ్చింది. దాని అందం దానిది. కానీ పొద్దున్నే చెప్పులేసుకుని వెళ్లి వచ్చే చోటు కాదది. జనం ఎక్కువైతే చెరువు పాడవుతుందనే భయానికి జవాబు కూడా బస్సులోనే ఉంది. యాభైమంది ఒక బస్సులో వస్తే చెరువు దగ్గర వాళ్లకోసం జాగా తీయాల్సిన పని లేదు. అదే యాభైమంది కార్లలో వస్తే వాటిని నిలపడానికి ఒడ్డునే చదును చేయాలి. హైదరాబాదులో 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్‌సాగర్ కట్ట, అంటే అసలు ట్యాంక్‌బండ్, జంట నగరాల మధ్య రాకపోకల రోడ్డయిపోయింది. ఎంత వెడల్పు చేసినా నడిచేవాళ్లు అంచుకే పరిమితమయ్యారు. 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి చూస్తే పిల్లాపాపలతో కట్టంతా నిండిపోయింది. సిద్దిపేట ఆ దశ దాకా పోకముందే జాగ్రత్త పడాలి. మంచి ఉదాహరణ శ్రీలంకలోని క్యాండీలో ఉంది: అక్కడ 1807లో రాజు తవ్వించిన చెరువు ఊరి నడిమధ్యన ఉంది. బస్సు దిగిన మనిషి దాని చుట్టూ నడిచి మళ్లీ బస్సెక్కవచ్చు. కోమటి చెరువుకు కావలసింది ఆ పాటి సౌకర్యమే: బస్టాండు దగ్గర దారి చూపే బోర్డు, నీడనిచ్చే చెట్ల కింద కాలిబాట, ఆటో చార్జీ ఎంతో రాసిన పలక.

ఒడ్డు గురించి ఇంకొక్క మాట. చుట్టూ గ్రిల్లు బిగించి నీటిని దూరం నుంచి చూడమంటే అది చెరువు అనిపించుకోదు. బతుకమ్మను సాగనంపడానికి ఆడవాళ్లు నీళ్లలోకి దిగాలి, వల వేసేవాళ్లు దిగాలి. తంగేడు, గునుగు, బంతి నీళ్లలో కలిసిపోయే పూలు, వాటివల్ల చెరువుకు నష్టం లేదు. నిమజ్జనం చేసే, రంగులు పూసిన ప్లాస్టర్ విగ్రహాలవల్ల ఉంది. కాబట్టి మెట్లు ఉండాలి, వాటి దగ్గర లోతు తెలిపే గుర్తులుండాలి, విగ్రహాలకు వేరే గుంట ఉండాలి. ప్రమాదం జరుగుతుందని నీటిని మూసేయడం తేలికైన పని. లోతు చెప్పి, కాపలా పెట్టి దిగనివ్వడం బాధ్యతగల పని.

వానలు వెనకబట్టాక, దసరా నుంచి మాఘం దాకా, చెరువు నిండుగా ఉంటుంది, ఎండ కూడా మెత్తగా ఉంటుంది. వెళ్లేవాళ్లు వంతెన మీద ఫొటోలు దిగండి, తప్పులేదు. తర్వాత మత్తడి దాకా నడవండి. చెరువులోకి నీరు తెచ్చే కాలువ ఎటు నుంచి వస్తుందో అక్కడివాళ్లను అడిగి తెలుసుకోండి. ఆ కాలువలో చెత్త గానీ, మురుగు గానీ, కొత్తగా పోసిన మట్టి గానీ కనబడితే మున్సిపాలిటీకి రాతపూర్వకంగా తెలియజేయండి.