సారథి శ్రమలో మన వంతు

(రథసప్తమి నాడు ఆలయ ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాఘ శుద్ధ సప్తమి నాడు సూర్యభగవానుణ్ణి స్మరించడానికి మన ఓరుగల్లు వారికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. శివకేశవులతో పాటు సూర్యునికి కూడా అక్కడ ఒక గర్భాలయం ఏర్పరచాడు. ఆ సూర్యుని రథానికి సారథి అరుణుడు. ఊరువులు లేనివాడు కనుక ఆయనకు అనూరుడని కూడా పేరు. నడవలేనివాడే లోకానికి వెలుగు తెచ్చే రథాన్ని నడుపుతున్నాడు. తెల్లవారుజామున తూర్పు దిక్కున మనకు మొదట కనిపించేది ఆయన ఎరుపే. సారథిని ముందు నిలిపి తాను వెనుక ఉదయించే స్వామి మన ప్రత్యక్షదైవం.

ఈ రోజు సారథ్యాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. క్రితం నెల ప్రవచనం ముగిసిన తరువాత ఒక అమ్మాయి నా వద్దకు వచ్చి ఒక ధర్మసందేహం అడిగింది.

"గురువుగారూ, నేనూ మరొక ఆమె ఒకే కార్యాలయంలో పని చేస్తున్నాం. వారంలో మూడు రోజులు ములుగు దాటి ఏటూరునాగారం వైపు పల్లెలకు కారులో వెళ్ళి రావాలి. ఆమెకు కారు నడపడం రాదు. పోనూ రానూ నేనే నడుపుతాను. ఆ రోజు నివేదిక మాత్రం చెరి సగం రాయాలి. ఆమె తన సగం దారిలోనే రాసుకుంటుంది. నా సగం రాత్రి ఇంటికి చేరిన తరువాత మొదలవుతుంది. ఆమె చాలా మంచి మనిషి. అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో! ఓర్చుకుంటే పుణ్యమా? అడిగితే తప్పా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ కారులో పక్కన కూర్చున్న మనిషి స్థానంలో ఒకప్పుడు నేనే ఉన్నాను.

నర్సంపేట దారిలోని ఒక పల్లె బడిలో నేను భాషా పండితుడిగా పని చేసిన రోజులవి. అదే బడిలో గణితం బోధించే సారు కూడా హనుమకొండ నుండే వచ్చేవారు. వారికి బజాజ్ చేతక్ స్కూటర్ ఉండేది. నాకు సైకిలు తప్ప మరేదీ తొక్కడం రాదు. ఆరేళ్ళ పాటు వారి వెనుక కూర్చునే వెళ్ళి వచ్చాను. నెల మొదటి రోజున పెట్రోలు ఖర్చులో సగం లెక్కగట్టి వారి చేతిలో పెట్టేవాణ్ణి. రుణం తీరిపోయిందని అనుకునేవాణ్ణి. దారిలో నేను శ్లోకాలు వల్లె వేసుకునేవాణ్ణి. ఒక్కొక్కప్పుడు కునుకు కూడా తీసేవాణ్ణి. వారి చూపు మాత్రం రోడ్డు మీదనే ఉండేది.

ఒక వానాకాలపు సాయంత్రం బురదలో బండి జారింది. నాకు ఏమీ కాలేదు. వారి మణికట్టు బెణికింది. నెలన్నర రోజులు ఇద్దరం బస్సులో తిరిగాము. బస్సు ఎక్కిన మొదటి రోజు, ఊరు దాటకముందే సారు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. మరునాడూ అంతే. రాకపోకలు రెండింటా అంతే. నా కునుకు ఆ ఆరేళ్ళూ ఎవరి మెలకువ మీద సాగిందో అప్పుడు గాని తెలిసిరాలేదు.

ఒకనాడు ఆ మాటే వారితో అన్నాను. "పంతులు గారూ, పరీక్షల కాలంలో అడగాలనిపించేది. డబ్బులు ఇస్తున్నారు కదా, ఇంకేం అడుగుతానని ఊరుకున్నాను" అన్నారు. అప్పటి నుండి ఉదయపు ప్రార్థన, హాజరు పట్టికలు, బడి తరఫున మండల కార్యాలయానికి పంపే కాగితాలు, వారి వంతువి కూడా నేనే చూసుకున్నాను. సారు సాయంత్రం కాస్త తీరికగా ఇల్లు చేరేవారు.

ఇప్పుడు ఇతిహాసం ఏమంటున్నదో చూద్దాము. భారతం ద్రోణపర్వంలో సైంధవ వధ జరిగిన నాటి సంగతి ఇది. మధ్యాహ్నానికి అర్జునుని గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో అలసిపోయాయి. అర్జునుడు రథం దిగి, నేల మీద నిలబడి శత్రువులను ఒంటరిగా ఆపాడు. బాణంతో నీటి మడుగు కల్పించాడు, శరాలతో నీడ కట్టాడు. ఆ నీడలో కృష్ణస్వామి గుర్రాలను విప్పి, బాణాలు లాగి, నీళ్ళు పట్టి, ఒళ్ళు రుద్ది, మళ్ళీ రథానికి పూన్చాడు. స్వామి ఆ పనిలో ఉన్నంతసేపూ బయటి భారమంతా రథికుడే మోశాడు. పక్కన కూర్చునేవాడు తెలుసుకోవలసిన ధర్మం ఇక్కడ ఉంది.

ఇక నలోపాఖ్యానం. అయోధ్య రాజు ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరాలి. గుర్రాల మర్మం తెలిసినవాడు బాహుకుడనే పేరుతో ఉన్న నలుడు. రాజుకు ఆ విద్య తెలియదు. కాని దారిలో ఒక తాండ్ర చెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పగలిగాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూస్తే సరిపోయింది. రాజు తన అక్షహృదయ విద్యను అక్కడికక్కడే ఇచ్చాడు. అందుకు ప్రతిగా తనకు రావలసిన అశ్వహృదయాన్ని నీ వద్దనే నిక్షేపంగా ఉంచుకొమ్మన్నాడు. నలుడు తన నిజరూపం పొందిన తరువాత ఆ నిక్షేపం తిరిగి చెల్లించాడు. కళ్ళెం పట్టడం రానివాని దగ్గర కూడా ఇవ్వదగిన విద్య ఒకటి ఉంటుంది. అది అడగగానే ఇచ్చాడు గనుకనే ఋతుపర్ణుడు రాజు.

మన కాలపు చట్టం కూడా వాహనం నడపడాన్ని పనిగానే లెక్కిస్తుంది. 2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది. ఐదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. ఆ చట్టం బస్సులు, లారీలు నడిపేవారి కోసం చేసినదే కావచ్చు. కాని చక్రం పట్టినవారి అలసట ఆఫీసు కారులోనైనా అదే.

కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకు నా సమాధానం ఇది. అడగడం తప్పు కాదు. అడగకుండా లోపల దాచుకున్న ఓర్పు కొన్నాళ్ళకు ఈర్ష్యగా మారుతుంది. ఈర్ష్యతో చేసిన ఉపకారానికి ఫలం తక్కువ. నడిపిన గంటలను పని గంటలలో కలపండి. నువ్వు నాలుగు గంటలు నడిపిన రోజున నివేదిక మొత్తం ఆమెది. పల్లెల వారికి ఫోన్లు చేయడం, మరునాటి ఏర్పాట్లు చూడడం, దారిలో నిద్రపోకుండా నిన్ను కనిపెట్టుకుని ఉండడం కూడా ఆమె వంతు. ఈ పంపకం మీ పై అధికారికి తెలియాలి. లేకపోతే నివేదికల లెక్కలో నువ్వు వెనుకబడినట్టు కనిపిస్తావు. సొంత కారైతే పెట్రోలుతో ఆగకూడదు. టైర్లూ, బీమా, మరమ్మతులూ లెక్కలోకి రావాలి.

ఒక్క జాగ్రత్త. ఆమెకు నడపడం ఎందుకు రాదో ఆరా తీయవద్దు. చూపు మందగించి ఉండవచ్చు, మూర్ఛ ఉండవచ్చు, వట్టి భయమే కావచ్చు. చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది. సమానత్వం పేరుతో లైసెన్సు లేనివారి చేతికి చక్రం ఇవ్వడం మాత్రం ధర్మమూ కాదు, చట్టమూ ఒప్పుకోదు.

పక్కన కూర్చునేవారికి కూడా ఒక మాట. మీ సారథి అడిగేదాకా ఆగకండి. దిగేటప్పుడు "ఈ రోజు నేను చేయవలసింది ఏముంది?" అని మీరే అడగండి.

మా సారు కాలం చేసి నాలుగేళ్ళయింది. చివరి సంవత్సరాలలో వారి పని కొంత పంచుకున్నాను గాని, మొదటి ఆరేళ్ళది అలాగే ఉండిపోయింది. ఋతుపర్ణునికి నలుడు తిరిగి చెల్లించాడు. నేను చెల్లించవలసిన వారు లేరు. అందుకే ఈ సభలో చెప్పుకుంటున్నాను. మీలో ఎవరి సారథి అయినా ఇంకా మీ పక్కనే ఉంటే, రేపు ఉదయమే ఆ లెక్క చూసుకోండి.

అరుణ సారథి అయిన ఆ సూర్యనారాయణుడు అందరికీ ఆరోగ్యమూ సద్బుద్ధీ ప్రసాదించుగాక! స్వస్తి.